వంగిన ఈత పలక

మా ఊరు బోధన్ రోడ్డుమీద, నిజాంసాగర్ కాలువ కింద ఉంది. మంజీరమీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు నీళ్ళే మా తాత చెరుకుకూ, బాపు వరికీ ప్రాణం పోశాయి. అదే కాలువ ఆరేండ్ల కింద మా చిన్నాయిన కొడుకును మింగింది. వాడికి ఈత రాదు. ఆనాటినుంచి మా ఇంట్లో కాలువ పేరెత్తితే అమ్మ మాట్లాడదు.

అందుకే వేసవి సెలవుల్లో చెల్లెకు ఈత నేర్పుదామని నేనంటే ఇల్లంతా లేచింది.

"ఆడపిల్లకు ఈతెందుకురా?" అంది అమ్మ.

"నీళ్ళకు ఆడ, మగ తెలుస్తదా?" అన్నాడు తాత. ఆ ఒక్క మాటతో అనుమతి దొరికింది.

తాత కాలంలో ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకొని బావిలో దిగేవారట. నేను బి.యస్సీ. చదివే మొనగాణ్ణి కదా! నిజామాబాద్‌లో నురుగు ప్లాస్టిక్ ఈత పలక కొనుక్కొచ్చాను. చేతులతో పట్టుకొని కాళ్ళాడించే నీలిరంగు పలక. బాపు బావి మెట్లమీద కాపలా ఉండగా నాలుగు రోజుల్లో చెల్లె దాన్ని పట్టుకొని తేలింది.

ఐదోనాడు ఆరబెడదామని పలకను పశువుల కొట్టం రేకులమీద పెట్టి మరిచిపోయాను. మే నెల ఎండ! సాయంత్రానికి పలక బంగళాపెంకులా వంగి ఉంది. నీళ్ళలో వేస్తే ఒక పక్కకు ఒరిగి తిరుగుతోంది. "అయిపాయె, ఇగ బంద్ పెట్టుండ్రి" అంది అమ్మ. ఆ గొంతులో కోపంకంటే ఊరటే ఎక్కువ వినిపించింది. తప్పు నాది. చెల్లె నావైపు చూసి ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

మొదట రాత్రంతా పలకమీద బండరాయి పెట్టాను. తెల్లారి రాయి తీయగానే అది అలిగిన పిల్లలా మళ్ళీ ముడుచుకుంది. తర్వాత వేడినీళ్ళలో ముంచి అదిమాను. సాపయింది. సంబరంతో పది నిమిషాలకే తీశాను. చూస్తుండగానే సగం వంపు వెనక్కి వచ్చింది.

తాత అరుగుమీదనుంచి నవ్వాడు. బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీకి బండ్లమీద చెరుకు తోలిన మనిషి. ఇంటి గానుగమీద బెల్లం వండిన మనిషి. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డా ఆయన మాటల్లో తీపి తగ్గలేదు. "బెల్లం అచ్చు వేడిమీద ఊడదీస్తే నిలుస్తదారా? సల్లారనియ్యాలె" అన్నాడు.

థర్మోప్లాస్టిక్ నిర్వచనం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను గాని, అది అర్థమైంది ఆనాడే. వేడికి ఆ ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువుల గొలుసులు సడలి జరుగుతాయి. చల్లారినప్పుడు ఏ ఆకారంలో ఉంటే దానిలోనే బిగుసుకుంటాయి. ఎండ వంచినదాన్ని వేడితోనే సరిచేయాలి. కాని ఆ వేడి రెండు వైపులా సమంగా అందాలి; ఆపైన ఓపిక కావాలి.

మూడోసారి గంగాళంలో చేయి పెట్టలేనంత వేడినీళ్ళు పోశాను. మరగనివ్వలేదు. పలకను తిప్పుతూ ముంచి, రెండు చెక్కల మధ్య గుడ్డ పరిచి పెట్టాను. పైన రెండు ఇటుకలే. మెత్తబడ్డ నురుగుమీద ఎక్కువ బరువు పెడితే లోపలి గాలి గదులు అణిగిపోయి తేలే గుణం పోతుంది. నీడలో తెల్లారేదాకా కదపలేదు. పొద్దున ఒక మూల కొద్దిగా లేచి ఉంది గాని, పలక నీళ్ళలో నిటారుగా పోయింది.

అన్ని పలకలకూ ఈ వైద్యం పనికిరాదు. ఎండకు ముడుచుకున్న థర్మోకోల్ తిరిగిరాదు. సముద్రపు అలలమీద వాడే ఫైబర్ పలకలకు పైపొర ఉబ్బి ఊడితే వేడినీళ్ళు ఇంకా చెరుపు చేస్తాయి. ఇంకో మాట: ఈత పలక ప్రాణం కాపాడే సాధనం కాదు. పక్కన ఈత వచ్చిన పెద్దమనిషి ఉండాల్సిందే.

సెలవులు అయిపోయే ముందు ఒకనాడు అమ్మ మొదటిసారి బావి దగ్గరకు వచ్చి మెట్లమీద కూర్చుంది. చెల్లె నడిబావిలో పలక వదిలేసి, చేతులు బారచాపి గట్టుకు వచ్చింది. అమ్మ కళ్ళు తుడుచుకుంది గాని ఒక్కమాటా అనలేదు.

ఇప్పుడు నేను హాస్టల్లో ఉన్నా, పలకను గురించి నాకు బెంగ లేదు. ఎండ ముదరకముందే దాన్ని నీడకు చేర్చేది అమ్మే.