ఆలోచనను ఆచరణలో పరీక్షించే వైద్యం

పణజీ నుంచి మాండవి వంతెన దాటితే పోర్వోరిం వస్తుంది. సంగత్ అనే సంస్థ కేంద్రం అక్కడే ఉంది. 1996లో డాక్టర్ విక్రమ్ పటేల్, ఆయన సహచరులు దీన్ని స్థాపించారు. ఇది పరిశోధనకూ శిక్షణకూ నిలయమే గాని రోగులను చేర్చుకునే ఆసుపత్రి కాదు. కుంగుబాటుకు (డిప్రెషన్‌కు) ఇక్కడ రూపుదిద్దుకున్న చికిత్స గోవాలోని ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో (పీహెచ్‌సీల్లో) జరిగింది. అందుకే ఈ పర్యటనలో సంస్థనీ, దాని పద్ధతి అమలైన పీహెచ్‌సీల లోకాన్నీ కలిపి చూడాల్సి వచ్చింది. కౌన్సెలింగ్ జరిగే గదిలోకి మూడో మనిషికి ప్రవేశం ఉండదు, ఉండకూడదు కూడా. బయటివాళ్లు చూడగలిగేది ఆ గదిని నడిపించే సరంజామాని: కౌన్సెలర్ చేతి పుస్తకం, ప్రశ్నల పత్రం, రోగి ఇంటికి తీసుకెళ్లే పనుల చార్టు. వాటిని శ్రద్ధగా చదివితే ఒక విషయం బోధపడుతుంది. కుంగిన మనసు తన గురించి తాను ఇచ్చుకునే తీర్పును రోజువారీ పనుల్లో పరీక్షించి చూసే వీలుంది. ఆ పరీక్షకు తోడు నిలవడాన్ని మామూలు చదువున్న మనుషులకు నేర్పించే వీలూ ఉంది. ఈ రెండో మాట నిజమైతే మన పల్లెల్లో చికిత్స అందక మిగిలిపోతున్న వాళ్ల గురించి మనం ఇంకోలా ఆలోచించాలి.

పీహెచ్‌సీ ఓపీలో కూర్చున్నవాళ్లలో 'నాకు డిప్రెషన్' అంటూ వచ్చేవాళ్లు అరుదు. నిద్ర పట్టదంటారు, ఒళ్లంతా నొప్పులంటారు, అన్నం సయించదంటారు, నీరసమంటారు. డాక్టరు ముందు గడిచే రెండు నిమిషాల్లో ఆ నొప్పికి మాత్ర దొరుకుతుంది, దాని వెనకున్న దిగులు చీటీ మీదికి ఎక్కదు. గోవాలో చేసిన మొదటి పని ఈ దిగులును అడిగి తెలుసుకోవడం. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం గత రెండు వారాల స్థితిని అడుగుతుంది. మొత్తం 27 మార్కుల్లో 14 దాటినవాళ్లను, అంటే కుంగుబాటు బాగా ముదిరినవాళ్లను, ఈ చికిత్సను పరీక్షించే ప్రయోగానికి తీసుకున్నారు. వాళ్లతో కూర్చున్న కౌన్సెలర్లు సైకాలజీ చదివినవాళ్లు కారు. కనీసం పదో తరగతి చదివిన స్థానికులు. వాళ్లకు మొదట వారాల తరబడి తరగతులు, ఆపైన నెలల తరబడి పర్యవేక్షణలో పని నేర్పారు. రికార్డు చేసిన సెషన్లను తోటి కౌన్సెలర్లే కలిసి విని, ఎక్కడ బాగా చేశారో, ఎక్కడ తప్పారో మార్కులు వేసుకునేవారు. ఈ పద్ధతి మొత్తంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ ఏర్పాటే. నేర్పి వదిలేస్తే ఏ నైపుణ్యమైనా మొద్దుబారుతుంది. ఇక్కడ దాన్ని వారం వారం పదును పెట్టారు.

ఈ చికిత్స మూలాలు ఫిలడెల్ఫియాలో ఉన్నాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనోవైద్యుడు ఆరన్ బెక్ మొదట ఫ్రాయిడ్ సంప్రదాయంలో శిక్షణ పొందారు. లోపలికి మళ్లిన కోపమే కుంగుబాటు అన్న ఆ సంప్రదాయపు నమ్మకాన్ని రుజువు చేద్దామని రోగుల కలలను పరిశీలిస్తే కోపం కనిపించలేదు. ఓటమి, నష్టం, తిరస్కారం కనిపించాయి. మెలకువలోనూ వాళ్ల ఆలోచనలది అదే ధోరణి. నేను పనికిరానిదాన్ని, లోకం నాకు అనుకూలం కాదు, రేపు కూడా ఇంతే. తన గురించి, లోకం గురించి, భవిష్యత్తు గురించి చెప్పుకునే ఈ మూడు తీర్పులు ఒకదానికొకటి ఊతమిచ్చుకుంటాయని బెక్ వివరించారు. పక్కింటామె పలకరించకుండా వెళ్లిపోతే 'ఏదో తొందరలో ఉందేమో' అన్న ఊహ కుంగిన మనసుకు తట్టదు. 'నేనంటే ఎవరికీ గిట్టదు' అన్నదే తడుతుంది, అదీ ఊహలా కాక నిజంలా. బెక్ చికిత్స ఆ నిజాన్ని మళ్లీ ఊహగా మార్చి, ఆధారాలు అడుగుతుంది. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఓ మోస్తరు నుంచి తీవ్ర స్థాయి వరకు కుంగుబాటు ఉన్న 240 మందిని పరిశీలించారు. పదహారు వారాలకు ఈ చికిత్స పొందినవాళ్లలోనూ, మందులు వాడినవాళ్లలోనూ 58 శాతం చొప్పున మెరుగయ్యారు. మెరుగయ్యాక చికిత్సలు ఆపేస్తే, ఏడాదిలో మందులు మానినవాళ్లలో 76 శాతం మందికి కుంగుబాటు తిరగబెట్టింది. ఆలోచనను పరీక్షించడం నేర్చుకున్నవాళ్లలో 31 శాతానికే తిరగబెట్టింది. నేర్చుకున్నది సెషన్లు ఆగిపోయాక కూడా వాళ్ల దగ్గరే ఉండిపోయిందన్నమాట.

గోవా కౌన్సెలర్ల చేతి పుస్తకంలో మాత్రం ఆలోచనలతో వాదన చాలా తక్కువ. ఆరు నుంచి ఎనిమిది సెషన్లు, ఒక్కోటి ముప్పై నలభై నిమిషాలు. మానేసిన పనులేవి, వాటిలో ఏది మళ్లీ మొదలుపెట్టగలరు, చేసిన రోజు మనసు ఎలా ఉంది అన్నవే ప్రశ్నలు. చార్టులో రాసుకునేవీ అవే. ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఎదురవుతుంది. అమెరికాలో మనస్తత్వవేత్త నీల్ జేకబ్సన్ బృందం 1996లో బెక్ చికిత్సను భాగాలుగా విడదీసి చూసింది. ఆలోచనల జోలికి పోకుండా పనుల భాగాన్ని ఒక్కదాన్నే ఇచ్చినా మొత్తం చికిత్సతో సమానంగా ఫలితం వచ్చింది. మరి ఆలోచనల సిద్ధాంతం కూలినట్టేనా? నేనలా అనుకోను. 'నావల్ల ఏదీ కాదు' అని నమ్మిన మనిషి మూడు వారాల తర్వాత స్నానం చేసి బజారుకు వెళ్లి కూరగాయలు తెచ్చిందంటే, ఆ నమ్మకానికి అంతకంటే బలమైన ప్రతిసాక్ష్యం ఏ కౌన్సెలర్ మాటల్లోనూ దొరకదు. ఆలోచన తప్పని నోటితో ఒప్పించడం ఒక దారి, దాన్ని చేతలతో తేల్చడం మరో దారి. కుంగుబాటు మనిషిని పనుల నుంచి తప్పించి ప్రతిసాక్ష్యాలు దొరకకుండా చేస్తుంది. పని ఆ తలుపు తిరిగి తెరుస్తుంది. జేకబ్సన్ ఫలితం కొట్టేసింది ఒక్కదాన్నే: వాదనే మందు అన్న అభిప్రాయాన్ని. సామాన్యులకు ఈ చికిత్స నేర్పగలగడానికి కారణం కూడా ఇదే. సున్నితమైన తాత్విక వాదన అందరికీ చేతకాదు. మానేసిన పనిని గుర్తుచేసి, చిన్న మెట్టుగా మార్చి, పక్కన నిలబడటం నేర్చుకోగలిగిన విద్య.

రెండో ఆక్షేపణ ఇంకా బలమైనది. అప్పులో మునిగిన రైతుకు, తాగొచ్చి కొట్టే భర్త ఉన్న ఇల్లాలికి, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి నీ ఆలోచన సరిచేసుకో అనడం అన్యాయం కాదా? ఆ మాట అన్నవాళ్లు ఉంటే అన్యాయమే. కష్టం నిజమైనప్పుడు దాన్ని భ్రమ అనడం వైద్యం కాదు. కుంగినవాళ్ల అంచనాలే కొన్ని సందర్భాల్లో ఇతరుల కంటే వాస్తవానికి దగ్గరగా ఉంటాయని 1979లోనే మనస్తత్వవేత్తలు అల్లాయ్, అబ్రామ్‌సన్‌ల ప్రయోగాలు సూచించాయి. గోవా పద్ధతి ఈ ఆక్షేపణను పట్టించుకుంది. నిజమైన సమస్యను సమస్యగానే తీసుకుని, దానికి పరిష్కారాలు వెతికే మెట్లు నేర్పుతుంది, ఇంట్లోవాళ్ల సాయం కోరుతుంది. అప్పు ఉందన్నది నిజం. అప్పుంది కాబట్టి నా బతుకుకు విలువ లేదన్నది తీర్పు. ఈ రెంటినీ విడదీయగలిగితే మనిషికి అప్పుతో పోరాడే ఓపికైనా మిగులుతుంది. ఇదే సాకుగా చూపించి అప్పుల ఊబినీ గృహహింసనీ ప్రభుత్వాలు పట్టించుకోనక్కర్లేదని ఎవరైనా అంటే, వాళ్లు ఈ చికిత్సను దుర్వినియోగం చేస్తున్నట్టే.

గోవా ప్రయోగం ఫలితాలు 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడ్డాయి. పది పీహెచ్‌సీల్లో 495 మంది. డాక్టర్ల సాధారణ వైద్యం మాత్రమే అందినవాళ్లలో మూడు నెలలకు 39 శాతం కోలుకున్నారు. దానికి తోడు కౌన్సెలింగ్ కూడా అందినవాళ్లలో 64 శాతం కోలుకున్నారు. ఏడాది తర్వాత కూడా తేడా నిలిచింది. ఆ తేడా నిలవడంలో, రోగులు చేసే పనులు పెరగడానికి పాత్ర ఉందని విశ్లేషణలో తేలింది. ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. నూటికి ముప్పై ఆరుగురు కౌన్సెలింగ్ అందాక కూడా కోలుకోలేదు. వాళ్లకు మందులు కావాలి, మనోవైద్యులు కావాలి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తున్నవాళ్లను వెంటనే నిపుణుల దగ్గరకు చేర్చే దారి లేకుండా ఏ పల్లెలోనూ ఈ పని మొదలుపెట్టకూడదు. సామాన్య కౌన్సెలర్ నిపుణుడికి బదులు కాడు, నిపుణుడి దాకా ఎన్నడూ చేరని వాళ్లకు మొదటి ఆసరా.

మనకు ఇది పరాయి విషయం కాదు. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోని ముప్పై గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు శిక్షణ, ట్యాబులు ఇచ్చి నడిపిన స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టులో, కుంగుబాటు, ఆందోళన లాంటి సమస్యలున్నవాళ్లలో వైద్యసేవ పొందినవాళ్లు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. మన పల్లెల్లో అడిగే మనిషి ఉంటే చెప్పుకునేవాళ్లు ఉన్నారని దీనర్థం. అయితే ఇప్పటికే గర్భిణుల నుంచి టీకాల దాకా సర్వేలన్నీ మోస్తున్న ఆశాల నెత్తిన ఈ బరువు కూడా పెట్టి చేతులు దులుపుకోవడం గోవా పాఠం కాదు. అక్కడ కౌన్సెలర్‌కు వేరే పని ఉండేది కాదు. శిక్షణ ఉండేది, సెషన్లను విని దిద్దే బృందం ఉండేది. ఆంధ్రప్రదేశ్ విలేజ్ క్లినిక్కులూ తెలంగాణ పల్లె దవాఖానాలూ చాలా ఊళ్లలో గోడలతో సహా సిద్ధంగా ఉన్నాయి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరుకు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. లేనిది ఆ గోడల మధ్య కూర్చుని వారం వారం ఒకే మనిషిని కలిసే, జీతమున్న, పర్యవేక్షణ ఉన్న కౌన్సెలర్. మండలానికి ఒక్కరితోనైనా మొదలుపెట్టాలి. ఎంతమంది కోలుకున్నారో గోవాలోలాగే లెక్కగట్టి, ఫలితం మంచిదైనా కాకపోయినా జనం ముందు పెట్టాలి. తమ తీర్పును పరీక్షకు పెట్టమని రోగులను అడిగే వైద్యం, తన ఫలితాన్ని కూడా అదే పరీక్షకు పెట్టాలి.