డాఖావ్‌కి పోయేముందు

వచ్చే ఎండాకాలం సెలవుల్లో అమ్మను తీసుకుని జర్మనీ పోతున్నా. మా తమ్ముడు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. విమానం ఎక్కిన మొదటివాడు వాడు. "టిక్కెట్లు నేను చూసుకుంటా, ఏమేం చూడాలో నువ్వు రాసి పంపన్నా" అన్నాడు. నేను పంపిన కాగితంలో మొదటి పేరు డాఖావ్. వాడు కాసేపు మాట్లాడలేదు. "అమ్మ మొదటిసారి వస్తుంటే అక్కడికా? కోటలున్నాయి, చెరువులున్నాయి, మంచుకొండలున్నాయి" అన్నాడు.

అవీ చూద్దాం. కానీ ఆ ఊరు వాడుండే చోటికి లోకల్ రైల్లో అరగంట దూరం కూడా లేదు. అంత దగ్గరికి పోయి, చూడకుండా రావడం నావల్ల కాదు.

మా బడిలో ఈ సంగతి చెప్తే ఒక మాస్టారు నవ్వి, "ఏమన్నా అనండి, హిట్లర్ అంటే క్రమశిక్షణ. మన దేశానికీ అట్లాంటోడు ఒకడు రావాలి" అన్నాడు. ఈ మాట నేను స్టాఫ్‌రూముల్లో, బస్సుల్లో, పెళ్లి భోజనాల దగ్గర చాలాసార్లు విన్నా. విజయవాడ ఫుట్‌పాత్ మీద హిట్లర్ ఆత్మకథ వ్యక్తిత్వ వికాసం పుస్తకాల పక్కనే పెట్టి అమ్ముతారు. అట్లాంటోడు రావాలనేవాడు, ముళ్లకంచెకు తాను ఏ పక్కన ఉంటాడో ముందే తేల్చుకుని అంటాడు. మాలాంటోళ్లం ఎవరమూ ఆ మాట అనలేం. మేం ఏ పక్కన ఉంటామో మాకూ తెలుసు.

సంఘంలో ఒక అన్న వేరే రకంగా అడిగాడు. "మన చుండూరుకే ఏడాదికోసారి, ఆగస్టు ఆరున పోతాం. అక్కడ ఎనిమిది మందిని నరికి తుంగభద్ర కాలవలో పారేస్తే, ఆ కేసులో చివరికి ఒక్కడికీ శిక్ష నిలవలేదు. నీకు జర్మనీ ఏడుపు ఎందుకు తమ్ముడా?" ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. 1991లో చుండూరు జరిగినప్పుడు నాకు ఊహ తెలీదు. డిగ్రీ చదివేటప్పుడు మొదటిసారి రక్తక్షేత్రానికి పోయాను. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో ఇరవైఒక్క మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ సమాధుల దగ్గర నిలబడ్డ మనిషికి వేరే చోట్ల సమాధుల దగ్గర ఎట్లా నిలబడాలో కొంత తెలుస్తుందని నా నమ్మకం. ఫోటోగ్రాఫర్లు, కార్లలో వచ్చే నాయకులు, వాళ్ల దండలు, వాళ్ల మైకులు. చచ్చినవాళ్ల ఇంటివాళ్లు మాత్రం ఒక పక్కన చెట్టు కింద. అది చూసినవాడు, తాను ఇంకొకళ్ల దగ్గరికి పోయేటప్పుడు కార్లో వచ్చిన నాయకుడిలా పోకూడదు కదా.

నాకున్న భయం అదే. మన కష్టాన్ని నెత్తిన పెట్టుకుని పోయి, వాళ్ల కష్టం పక్కన నిలబెట్టి ఎవరిది పొడుగో కొలిచి రావడం. నాజీల యూదు ద్వేషాన్నీ, సనాతనుల అంటరానితనాన్నీ బాబాసాహెబ్ 1940ల్లోనే పక్కపక్కన పెట్టి మాట్లాడాడు. ఆయన మాట్లాడింది ఆ రెంటి వెనకున్న సిద్ధాంతం గురించి. దాన్ని పట్టుకుని పీనుగుల లెక్కకు దిగితే అది ఆయన మాట కాదు. అందుకని పోయేముందు వాళ్ల సంగతి వాళ్లదిగా చదువుకోవాలనుకున్నా. ఆరు నెలలుగా రాత్రిపూట చదువుతున్నా.

డాఖావ్ శిబిరం తెరిచింది 1933 మార్చి 22న. హిట్లర్ గద్దెనెక్కి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. మూతబడ్డ ఒక మందుగుండు ఫ్యాక్టరీలో పెట్టారు. మొదట తెచ్చింది కమ్యూనిస్టుల్ని, సోషల్ డెమొక్రాట్లని, కార్మిక సంఘాలవాళ్లని. తర్వాత యూదులు, యెహోవా సాక్షులు, స్వలింగ ప్రేమికులు, సింతి, రోమా జనం, పాదిరీలు, ఇల్లూ పనీ లేనివాళ్లు. పన్నెండేళ్లలో రెండు లక్షల మందికి పైగా ఇక్కడా, దీని ఉపశిబిరాల్లోనూ బందీలుగా ఉన్నారు. కనీసం 41,500 మంది చచ్చిపోయారు. 1945 ఏప్రిల్ 29న అమెరికా సైన్యం వచ్చి విడిపించింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1965లో, బతికి బయటపడ్డవాళ్లు పట్టుబడితే స్మారకం అయింది. ఇది ఆష్‌విట్జ్ లాంటి సామూహిక హత్యల కేంద్రం కాదు. గ్యాస్ గది ఉంది గానీ దాన్ని మూకుమ్మడి హత్యలకు వాడలేదు. ఇక్కడ మనుషులు ఆకలితో, రోగాలతో, చాకిరీతో, దెబ్బలతో, తుపాకీ గుళ్లతో పోయారు. ఈ తేడా తెలియకుండా పోయి "గ్యాస్‌తో అందర్నీ ఇక్కడే చంపారంట" అని వచ్చి చెప్తే అదీ ఒక రకం అమర్యాదే.

నన్ను ఆపేసింది హాజరు మైదానం. రోజూ పొద్దున, సాయంత్రం బందీలందర్నీ అక్కడ నిలబెట్టి లెక్కపెట్టేవాళ్లు. లెక్క తప్పితే గంటల తరబడి నిలబెట్టేవాళ్లు, వానైనా మంచైనా. చచ్చినవాడు కూడా లెక్కకు రావాల్సిందే. నేను రోజూ పొద్దున తొమ్మిదింటికి హాజరు పిలుస్తా. "ప్రెజెంట్ సార్" అనే గొంతులు వింటా. మా బడికి ఎరుకల పిల్లలు వస్తారు. వాళ్ల ముత్తాతలకు హాజరంటే బడి కాదు. 1871 నాటి నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చాక, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి లెక్కపెట్టేవాళ్లు, వేలిముద్రలు తీసేవాళ్లు, ఊరు దాటాలంటే చీటీ ఇచ్చేవాళ్లు. పుట్టుకే నేరం. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. పోలీసుల మనసులోంచి పోయిందో లేదో స్టువర్టుపురం కుర్రాణ్ణి ఎవర్నన్నా అడగండి.

ఇదే కథ మ్యూనిక్‌లోనూ ఉందని చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చా. 1899లో అక్కడి పోలీసులు 'జిప్సీల' వివరాలు పోగేసే విభాగం ఒకటి పెట్టారు. పేర్లు, ఫోటోలు, వేలిముద్రలు, ఎవరి బిడ్డ ఎవరు. అప్పటికి హిట్లర్ పదేళ్ల పిల్లాడు. నాజీలు వచ్చాక ఆ దస్త్రాలు తయారుగా ఉన్నాయి. యుద్ధం అయిపోయాక కూడా బవేరియా పోలీసులు ఆ పని మానలేదు, 'దేశదిమ్మరులు' అని పేరు మార్చారంతే. 1940లో సింతి, రోమాల్ని పోలండుకు తరిమింది జాతి కారణంగా కాదు, నేరాలు ఆపడానికే అని 1956లో పశ్చిమ జర్మనీ ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. నష్టపరిహారం అడిగినవాళ్లకు ఆ తీర్పు అడ్డంపడింది.

ఎవరు ఈ రోమా? వాళ్ల పూర్వీకులు మన ఉపఖండం నుంచి వెయ్యేళ్ల కిందట పడమటికి పోయినవాళ్లని వాళ్ల భాషే చెబుతుంది. నీళ్లను 'పాని' అంటారు, ముక్కును 'నక్' అంటారు, మనిషిని 'మనుష్' అంటారు. 'రోమ్' అనే పేరు మన 'డోమ్' నుంచే వచ్చిందని చాలామంది భాషావేత్తల మాట. డోములంటే కాశీలో శవాలు కాల్చేవాళ్లు, ఉత్తరాది అంటరానివాళ్లు.

1980 గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు మంది సింతీలు డాఖావ్ స్మారకం లోపలే, అక్కడున్న ప్రొటెస్టెంటు చర్చిలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. శిబిరాల్లోంచి బతికి బయటపడ్డ ముసలివాళ్లూ వాళ్లలో ఉన్నారు. మా మీద జరిగింది జాతి హత్య అని ఒప్పుకోండి, పోలీసుల దగ్గరున్న మా దస్త్రాల సంగతి తేల్చండి అని అడిగారు. వారం రోజులు కూర్చున్నారు. రెండేళ్లకు, 1982లో, ఛాన్సలర్ హెల్మట్ ష్మిట్ జాతి హత్యేనని ఒప్పుకున్నాడు. బెర్లిన్‌లో వాళ్లకొక స్మారకం రావడానికి 2012 దాకా పట్టింది. చావులో సమానంగా కలిపారు గానీ సంతాపంలో ఊరవతలే ఉంచారన్నమాట. మా చర్చి సమాధుల తోటలో కూడా మాలలకు ఒక వరస, మాదిగలకు ఒక వరస ఉండేది. ఈ ముక్క బయటివాళ్లకు చెప్పొద్దంటారు మా పెద్దలు. చెప్తా.

శిబిరంలో ఒక్కో రకం బందీకి ఒక్కో రంగు ముక్కోణం గుడ్డ కుట్టేవాళ్లు. రాజకీయ ఖైదీకి ఎరుపు, స్వలింగ ప్రేమికుడికి గులాబీ, 'నేరస్తుడికి' ఆకుపచ్చ, 'సంఘానికి పనికిరానివాడికి' నలుపు. స్మారకంలో 1968లో యుగోస్లావియా శిల్పి నాండోర్ గ్లిడ్ చేసిన శిల్పం ఉంది. అందులో గొలుసుకు వేలాడే రంగు ముక్కోణాలున్నాయి. గులాబీ లేదు, ఆకుపచ్చ లేదు, నలుపు లేదు. ఆనాటికి ఆ రంగులవాళ్లు బాధితుల లెక్కలోకి రారు. నలుపు, ఆకుపచ్చ వాళ్లు కూడా నాజీల బాధితులేనని జర్మనీ పార్లమెంటు తీర్మానం చేసింది 2020 ఫిబ్రవరిలో. అప్పటికి వాళ్లలో బతికున్నవాళ్లెంతమంది? నేను అక్కడ అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడబోయేది ఆ గొలుసు ముందు, లేని రంగులకోసం.

ఇక అమ్మ సంగతి. అమ్మ లూథరన్. మా గుంటూరు సీమ గూడేలకు ఈ మతం 1842లో వచ్చిన హయ్యర్ అయ్యగారితో మొదలు. ఆయన అమెరికా నుంచి వచ్చినా పుట్టింది జర్మనీలోనే. అమ్మకు జర్మనీ అంటే లూథరు పుట్టిన దేశం. యూదులంటే బైబిల్లో ఇశ్రాయేలీయులు, ఐగుప్తులో ఇటుకలు చేసినవాళ్లు. ఆమెకు వాళ్ల కష్టం నేను నేర్పక్కర్లేదు. ఆ నిర్గమకాండం విన్నప్పుడల్లా పొగాకు బ్యారన్ల దగ్గర తన చాకిరీ తలుచుకునేది. కానీ అదే లూథరు 1543లో యూదుల మీద పుస్తకం రాసి, వాళ్ల ప్రార్థనా మందిరాలు తగలబెట్టమన్నాడు. నాజీలు దాన్ని బాగా వాడుకున్నారు. చెప్పాలా వద్దా? చెప్పా. అమ్మ చాలాసేపు ఊరుకుంది. "అయ్యగార్లు మాకీ సంగతి ఎప్పుడూ చెప్పలేదేరా" అంది. మార్టిన్ నీమోలర్ గురించి కూడా చెప్పా. లూథరన్ పాస్టరే, మొదట్లో నాజీల్ని ఇష్టపడ్డాడు, తర్వాత ఎదురు తిరిగి 1941 నుంచి 1945 దాకా డాఖావ్‌లోనే ఖైదీగా ఉన్నాడు. "అయితే ఆ గుళ్లో కాసేపు కూర్చుందాం. పాట పాడొచ్చా?" అని అడిగింది. మనసులో పాడుకోమన్నా. అక్కడ కాథలిక్కులకు, ప్రొటెస్టెంట్లకు, యూదులకు, రష్యన్లకు వేరువేరు ప్రార్థనా స్థలాలున్నాయి. యూదుల దాంట్లోకి కూడా వస్తానంది.

తమ్ముడికి ఇంకో ఉత్తరం రాశా. నీ బిడ్డ చిన్నది, ఆ రోజు మరదలి దగ్గర ఉండనీ. పొద్దున తొమ్మిదింటికి తెరుస్తారు, అప్పుడే పోదాం. లోపల డబ్బులు కట్టక్కర్లేదు, గైడు నడకకే టిక్కెట్టు. తినడం, తాగడం లోపల వద్దు, బయట చూసుకుందాం. ఆ రోజు ఇంకేమీ పెట్టుకోవద్దు, అక్కణ్ణుంచి బజారుకో కోటకో పోయే పని పెట్టొద్దు. ఫోటోలు తీయొచ్చంటారు, కానీ మన మొహాలు అందులో వద్దు. వాడి స్నేహితులు కొందరు అక్కడి గేటు ముందు నవ్వుతూ దిగిన ఫోటోలు నాకు చూపించాడు ఒకసారి. 'పని విముక్తినిస్తుంది' అని ఇనుప అక్షరాలతో ఉన్న గేటు అది. 2014లో దాన్ని ఎవరో ఎత్తుకుపోతే రెండేళ్లకు నార్వేలో దొరికింది. ఇప్పుడు అసలుది మ్యూజియంలో ఉంది, గేటుకున్నది నకలు. వాడు కొంచెం నొచ్చుకున్నా, ఫోను జేబులోంచి తీయనని మాటిచ్చాడు.

గైడు ఇంగ్లీషులో చెప్తాడు. అమ్మకు నేను పక్కన చిన్నగా తెలుగులో చెప్పాలి. దానికోసం ఒక నోటుపుస్తకంలో మాటలు రాసుకుంటున్నా. కాన్సెంట్రేషన్ క్యాంపును మన పేపర్లు 'నిర్బంధ శిబిరం' అంటాయి. అమ్మకు శిబిరమంటే కంటి ఆపరేషన్ల శిబిరం. అందుకని 'చెర' అని రాసుకున్నా. బబులోను చెర ఆమెకు తెలుసు. బ్యారక్ అంటే రేకుల షెడ్డు అంటే చాలదు. మొత్తం ముప్ఫై నాలుగు ఉండేవి, ఇప్పుడు రెండు మళ్లీ కట్టి చూపిస్తారు, మిగతావి పునాదుల గుర్తులే. 'కొట్టం' అని రాశా, అదీ సరిపోలేదు, కొట్టంలో గొడ్లకు మేతైనా వేస్తారు. హాజరుకు హాజరే. క్రెమటోరియం పక్కన చోటు ఇంకా ఖాళీగా ఉంది. మేం పూడ్చేవాళ్లం, కాల్చేవాళ్లం కాదు. 'కాష్టం' అంటే అయినవాళ్లు పేర్చేది.

విదేశం పోవడానికి శాఖ అనుమతి కాగితం ఇంకా రావాలి. ప్రయాణ కారణం అన్నచోట 'తమ్ముడిని చూడటం' అని రాశా. జూన్ పన్నెండుకు బడులు తెరిచేలోపు తిరిగి రావాలి.