పడవలు దిగని రోజున సైకిళ్ళు దిగాయి!

భీమిలి అనగానే సినిమా అభిమానులకి ముందు గుర్తొచ్చేది ‘మరో చరిత్ర’. 1978లో వచ్చిన ఆ చిత్రాన్ని, రంగుల సినిమాలు జోరుమీదున్న రోజుల్లో, కె. బాలచందర్ పనిగట్టుకుని తెలుపు నలుపుల్లో తీశారు. కమల్ హాసన్ సరసన సరిత అనే కొత్తమ్మాయి. మద్రాసులో తమిళ ప్రేక్షకులు డబ్బింగు కూడా అడక్కుండా తెలుగులోనే ఏడాదికి పైగా చూశారు. అందులో హీరో, హీరోయిన్ల తర్వాత ఎక్కువసేపు కనబడేది విశాఖ-భీమిలి సముద్రమే!

ఆ సముద్రం వెంబడి సైకిలు మీద వెళ్ళి, సినిమా తీసిన చోట్లు చూసి, నాలుగు ఫొటోలు దిగి, మీకో వ్యాసం రాద్దామనుకున్నాను. విశాఖలో ఒక సైకిళ్ళ క్లబ్బు వాళ్ళు ప్రతి శని ఆదివారాలూ ఎక్కడికో ఒకచోటికి వెళుతుంటారు. ఆ అక్టోబరు శనివారం భీమిలి వెళ్ళి రాత్రికి అక్కడే ఉండి, ఆదివారం తిరిగి రావాలని వాళ్ళ ప్లాను. దూరం ముప్పై కిలోమీటర్ల లోపే. నేనూ వస్తానన్నాను. సైకిలు కూడా వాళ్ళే అరువిచ్చారు.

చిక్కల్లా ఏమిటంటే, బంగాళాఖాతంలో వాయుగుండం పడింది.

తెల్లవారుజామున ఆర్కే బీచిలో, కురుసుర జలాంతర్గామి ముందు పద్నాలుగు సైకిళ్ళు చేరాయి. చినుకులు పడుతున్నాయి. కెప్టెను ఒక బ్యాంకు ఉద్యోగి. చక్రాల్లో గాలి కొంచెం తగ్గించమన్నాడు. తడి రోడ్డు మీద టైరు కాస్త మెత్తగా ఉంటేనే పట్టు దొరుకుతుందట. తెల్ల గీతల మీద ఎక్కొద్దన్నాడు, తడిస్తే సబ్బు ముక్కలేనట. రిమ్ము బ్రేకులున్న వాళ్ళు ముందునుంచే నొక్కుతూ ఉండాలన్నాడు. నాది ఆ రకమే. బుద్ధిగా విన్నాను.

గుంపులో అందరికంటే పెద్దాయన్ని అంతా ‘బాబాయి గారూ’ అని పిలుస్తారు. రిటైరై అయిదేళ్ళయింది. నా వ్యాసం సంగతి వినగానే ఆయన మొహం వెలిగిపోయింది.

“‘మరో చరిత్ర’ తీస్తున్నప్పుడు నేను కాలేజీ కుర్రాణ్ణయ్యా! క్లాసు ఎగ్గొట్టి, అద్దె సైకిలు తీసుకుని భీమిలి పోయాను. గంటకింతని లెక్క. సాయంత్రానికి అద్దె కట్టడానికి డబ్బుల్లేక చేతివాచీ తాకట్టు పెట్టాను. నేను నిలబడి చూసిన చోటు ఇవాళ నీకు చూపిస్తాను.”

ఇంతకంటే ఏం కావాలి విలేఖరికి?

తెన్నేటి పార్కు దాటేసరికి వాన అందుకుంది. 2020 అక్టోబరులో ఇలాంటి వాయుగుండానికే ‘ఎం.వి. మా’ అనే బంగ్లాదేశ్ నౌక కొట్టుకొచ్చి ఈ రాళ్ళ మీదే ఇరుక్కుంది. ఆ సంగతి ఎవరో గుర్తుచేస్తే అందరం నవ్వాం. రోడ్డు ఈశాన్యంగా పోతుంది, గాలి ఈశాన్యం నుంచి వస్తోంది. అంటే ముక్కుకి సూటిగా ఎదురుగాలి! ఒకరి వెనక ఒకరం అంటుకుని తొక్కాం. ముందున్నవాడు గాలిని కాస్తాడు. అలిసిపోగానే పక్కకి తప్పుకుని చివరికి వస్తాడు. నా వంతు వచ్చినప్పుడు రెండు నిమిషాలకే నాలుక బయటికొచ్చింది. సముద్రానికీ ఆకాశానికీ రంగన్నది లేదు. బాబాయి గారు వెనకనుంచి, “చూశావా, మళ్ళీ బ్లాక్ అండ్ వైట్ అయిపోయింది!” అని అరిచారు.

రుషికొండ దగ్గర ఒక పంక్చరు. తడిలో సొల్యూషను అంటదు, పాచీ నిలవదు. కొత్త ట్యూబు వెయ్యాల్సిందే. ట్యూబు మారుస్తున్నంతసేపూ టీ కొట్టు చూరు కింద సమావేశం జరిగింది. కెప్టెను వెనక్కి పోదామన్నాడు. చేతులెత్తమన్నారు. ఆరుగురు ముందుకి, ఏడుగురు వెనక్కి. చెయ్యెత్తనిది నేనొక్కణ్ణే.

ఇక్కడ నిజం చెప్పాలి. నేను క్లబ్బు సభ్యుణ్ణి కాను, అతిథిని. నోరు మూసుకుని కూచోవలసినవాణ్ణి. కానీ ఇంతదాకా వచ్చి భీమిలి చూడకపోతే వ్యాసం లేదు, వ్యాసం లేకపోతే డబ్బుల్లేవు. “ఇంకెంతండీ, గంటలో ఉంటాం” అంటూ చెయ్యెత్తాను. ఏడూ ఏడూ సరిపోయాయి. కెప్టెను నావంక ఒకసారి చూశాడు. “సరే, మెల్లిగా పోదాం” అన్నాడు. మొహమాటమే తప్ప అది ఒప్పుకోలు కాదని నాకు అప్పుడే తెలుసు.

తొట్లకొండ బౌద్ధారామం ఉన్న కొండని ఎడమ పక్క మేఘాల్లో వదిలేశాం. మంగమారిపేట దగ్గర గాలికి బీచి ఇసుక రోడ్డు మీదకి వచ్చి మేటలు వేసింది. పైన నీళ్ళు పారుతుంటే కింద ఇసుక కనబడదు కదా! నాకు ముందు డిగ్రీ రెండో ఏడు చదివే అమ్మాయి తొక్కుతోంది. ముందు చక్రం ఒక్కసారి పక్కకి జారింది. కేక కూడా వినబడలేదు. ఆమె భుజం నేలని కొట్టిన చప్పుడు మాత్రం విన్నాను. నేను బ్రేకు నొక్కితే చక్రం ఆగలేదు. కాలు నేలకి రాసి, ఆమె తలకి జానెడు దూరంలో ఆగాను.

హెల్మెట్టు నెర్రె విచ్చింది. తలకి ఏం కాలేదు. కానీ కుడి మెడ కింద ఎముక చర్మాన్ని లోపలినుంచి పొడుస్తున్నట్టు లేచి ఉంది. “కాలర్ బోను” అన్నాడు కెప్టెను. సైకిలువాళ్ళు పడితే ముందు విరిగేది అదేనట.

జాలరిపేట నుంచి నలుగురు పరుగెత్తుకొచ్చారు. వలల మీద కప్పిన టార్పాలిను లాగి మా నెత్తిన పట్టారు. ఒకావిడ తన తువ్వాలు చించి, ఆ అమ్మాయి చెయ్యి గుండెకి ఆనించి మెడకి కట్టింది. కట్టినంతసేపూ తిడుతూనే ఉంది.

“ఏటి బాబూ, పోర్టుకాడ మూడో నెంబరు ఎగరేసినారని మా పడవలే దిగనేదు. మీ సైకిళ్ళెందుకు దిగినాయి? ఈ గుంటని ఎవులు తీసుకొచ్చినారు?”

ఎవరూ మాట్లాడలేదు. కెప్టెను నావైపు చూడనుకూడా లేదు, అది అతని మర్యాద. “నేనేనమ్మా” అన్నాను. ఆవిడ నన్ను నఖశిఖపర్యంతం చూసి, “నీకేటి పని?” అంది. సినిమా వ్యాసం అని చెప్పడానికి నోరు రాలేదు.

ఆటోలో ఆ అమ్మాయితో నేనే వెళ్ళాను. గుంట వచ్చినప్పుడల్లా పళ్ళ బిగువున ఊపిరి బిగబట్టేది. మధ్యలో, “అన్నా, అమ్మకి మీరు ఫోను చెయ్యండి. నేను చేస్తే ఏడుస్తాను” అంది. చేశాను. వాళ్ళమ్మ గారు నన్ను ఒక్క మాటా అనలేదు. ఏ ఆస్పత్రి అని మాత్రం అడిగారు. ఆపరేషను అక్కర్లేదనీ, ఆరు వారాలు చెయ్యి కదపకూడదనీ డాక్టరు చెప్పారు. మిగతావాళ్ళు వెనక్కి తిరిగి, అదే గాలి వీపున తోస్తుంటే నేనూ అమ్మాయీ ఎక్స్‌రే గది బయట ఉండగానే ఊళ్ళోకొచ్చేశారు.

ఆదివారం మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. బాబాయి గారు ఫోను చేశారు. “అమ్మాయి సైకిలు మంగమారిపేటలోనే ఉండిపోయింది. తెద్దాం రా. ముందు భీమిలి పోదాం.”

బస్సెక్కి వెళ్ళాం. డచ్చి వాళ్ళ సమాధులు, లైట్ హౌసు, గోస్తని సముద్రంలో కలిసే చోటు అన్నీ చూశాం. ఆయన మాత్రం ఇసుకలో అటూ ఇటూ నడుస్తూనే ఉన్నారు. “ఇక్కడే... కాదు, అదిగో ఆ చెట్టు... చెట్టేదీ?” నలభై ఏళ్ళ పైమాట. మధ్యలో 2014 హుద్‌హుద్ తుపాను ఈ తీరంలో ఎన్ని చెట్లని పీకేసిందో లెక్కలేదు. బఠాణీలమ్మే ఆయన్ని అడిగితే ఇంకో చోటు చూపించాడు. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నేను ఫొటో తియ్యలేదు.

తిరుగుదారిలో మంగమారిపేటలో దిగాం. సైకిలు ఆవిడ ఇంటి పంచన, వలల పక్కన ఆనించి ఉంది. ఉప్పుకి తుప్పు పడుతుందని మంచినీళ్ళతో కడిగి, గొలుసుకి కొబ్బరినూనె రాసిందట. డబ్బులిస్తే తీసుకోలేదు. “ఆ గుంటకెలాగుంది?” అని అడిగింది. చెప్పాను. టీ ఇచ్చింది.

ముందు చక్రం వంకర తిరిగి తిరిగినప్పుడల్లా బ్రేకుకి రాసుకుంటోంది. ఎక్కడానికి వీల్లేదు. బాబాయి గారిని బస్సెక్కించి, నేను నడిపించుకుంటూ బయల్దేరాను. ఊరు ఇరవై కిలోమీటర్లు. రుషికొండ దాటేసరికే చీకటి పడింది.