కూలిన శిఖరం - నిలిచిన గోపురం

ఇటీవల కార్యాలయ విధి నిమిత్తం కోల్‌కతా వెళ్లినప్పుడు ఒక సాయంకాలం మాకు తీరిక చిక్కింది. విక్టోరియా స్మారక మందిరాన్ని చూచి, సమీపంలోనే ఉన్న సెయింట్ పాల్స్ కథీడ్రల్‌కు నడిచాము. చేతిసంచిలో మూడు వారాలుగా మా సంతకానికి నోచని ఒక కాగితం ఉంది. కొత్తగా కట్టవలసిన ఎత్తైన నీటి ట్యాంకుకు ఇరవై ఏండ్ల నాటి మా నమూనా పనికిరాదనీ, భూకంప నియమావళి ననుసరించి దానిని మార్చాలనీ మా విభాగపు యువ ఇంజనీరు ఒకరు వ్రాసిన నివేదిక అది. లెక్కలలో తప్పు లేదు; ఒప్పుకొనడానికి మా మనసే సిద్ధంగా లేదు.

1839లో శంకుస్థాపన జరిగి, 1847లో ప్రతిష్ఠ పొందిన ఈ ప్రార్థనాలయానికి రూపకల్పన చేసినవారు మేజర్ విలియం నైర్న్ ఫోర్బ్స్. ఆయన సైనిక ఇంజనీరు. కలకత్తా పాత టంకశాల కూడా ఆయన రూపొందించినదే. అనగా మా వృత్తికులస్థుడే! లోపల నిశ్శబ్దం. 1872లో అండమాన్ దీవులలో హత్యకు గురైన లార్డ్ మేయో స్మృత్యర్థం బర్న్-జోన్స్ రూపొందించిన పడమటి రంగుటద్దాల కిటికీ గుండా సంధ్యాకాంతి నేలపై పరచుకొన్నది.

బయటికి వచ్చి పైకి చూచాము. ఫోర్బ్స్ నిలిపినది ఈ చతురస్రపు గోపురం కాదు. సూదిమొన వంటి శిఖరం. 1897 అస్సాం భూకంపంలో అది దెబ్బతిన్నది. మరల శిఖరాన్నే నిలిపారు. 1934 జనవరిలో బీహారు భూకంపానికి అది కూలింది. భూకంప కేంద్రం వందల కిలోమీటర్ల దూరాన ఉన్నా, గంగామైదానపు మెత్తని ఒండ్రునేల అంత దూరపు కంపాన్ని సైతం పెంచి చూపుతుంది. ఎత్తైన సన్నని కట్టడమే ఎక్కువగా ఊగుతుంది. మూడవసారి కట్టినవారు పాత శిఖరం కోసం పట్టుబట్టలేదు. ఇంగ్లండులోని కాంటర్‌బరీ కథీడ్రల్ నడిమి గోపురం 'బెల్ హ్యారీ' పోలికలో, మొనదేలిన శిఖరం లేని గోపురాన్ని నిర్మించారు. అదే నేటికీ నిలిచి ఉన్నది.

ఫోర్బ్స్ కీర్తికి దీనివలన లోటు కలిగినదా? లేదే! ఆలయం ఆయనదిగానే చెప్పుకొంటున్నారు. మరి మా ట్యాంకు నమూనా మారితే మాకు కలిగే చిన్నతన మేమిటి?

ఆవరణలోని చెట్టునీడన కూర్చుండి నివేదికను మరల చదివాము. సంతకం చేసి, ప్రక్కనే "లెక్కలు సరియైనవి, అభినందనలు" అని వ్రాశాము. ఆ రెండవ వాక్యం వ్రాయడానికే మాకు ఎక్కువ సమయం పట్టింది.