ఒక ప్లేటు బాకీ

‘మాయాబజార్’ చూడని తెలుగువాడుంటాడా? 1957లో వచ్చిన ఆ సినిమాలో ఎస్.వి. రంగారావుగారు పెళ్లివారి వంటకాలన్నీ ఒక్కరే ఆరగిస్తుంటే హాలు హాలంతా లొట్టలేసింది. నన్నడిగితే, మనవాళ్లకి బఫే అంటే ఏమిటో చూపించిన మొదటి హీరో ఆ ఘటోత్కచుడే! చాలు అనేవాడు లేడు, లెక్క రాసేవాడు లేడు. తిన్నవాడికి తిన్నంత!

అలాంటి ఘటోత్కచులం 2009లో న్యూజెర్సీలో ఇద్దరం ఉండేవాళ్లం. నేనూ, నా రూమ్మేటూ. చదువుకోసం వెళ్లాం. అంతకుముందు ఏడాదే అమెరికాలో పెద్ద పెద్ద బ్యాంకులు కుప్పకూలాయి. పార్ట్‌టైం ఉద్యోగం దొరకడం గగనమైపోయింది. వారం పొడుగునా అన్నం, ఆవకాయ, గుడ్డు. శనివారం వచ్చిందంటే మాత్రం నెవార్క్‌లో రైలెక్కి, మెట్రోపార్క్‌లో దిగి, ఓక్ ట్రీ రోడ్డు దాకా నడిచేవాళ్లం. ఎడిసన్, ఐసెలిన్‌ల మీదుగా పోయే ఆ రోడ్డు చూస్తే అమెరికా అంటే మీరు నమ్మరు. చీరల కొట్లు, నగల కొట్లు, మిఠాయి కొట్లు... అంతా మన సందడే!

అక్కడో చిన్న హోటల్లో మధ్యాహ్నం పూట బఫే. ఆసామిది తెనాలి వైపు. మా బోటి కుర్రాళ్లందరికీ ఆయన బాబాయిగారు. శుక్రవారం రాత్రి నుంచీ కడుపు మాడ్చుకుని వెళ్లి, ఆదివారం రాత్రికి కూడా సరిపడా లాగించేవాళ్లం. నాలుగు ప్లేట్లకి తక్కువైతే ఒట్టు!

‘మగధీర’ విడుదలైన వారం అది. మ్యాట్నీకి రెండు టికెట్లు కొనేసరికి చేతిలో మిగిలింది ఒక్క మనిషి భోజనం డబ్బులే. సినిమా మానేద్దామా? ఇరవై రెండేళ్ల వయసులో అదీ ఒక ప్రశ్నేనా! ఒక ఉపాయం పన్నాం. నేను డబ్బు కట్టి తినడం, వాడు ‘ఆకలి లేదండీ’ అని మంచినీళ్లు తాగుతూ కూర్చోవడం. నేను పూరీలు తెచ్చి కాగితం రుమాలు చాటున వాడికి అందించడం. ఒకరి ప్లేటు ఇంకొకరు పంచుకోకూడదని గోడమీద బోర్డు ఉండనే ఉంది.

రెండో పూరీ దగ్గర దొరికిపోయాం. బాబాయిగారు మా బల్ల వైపే వస్తున్నారు. నా గుండె జారిపోయింది. ఆయన ఏమీ అరవలేదు. చేతిలో ఉన్న ఖాళీ ప్లేటు మావాడి ముందు పెట్టారు.

“ఆకలి లేనివాడు పక్కవాడి ప్లేటు వంక అలా చూడడురా అబ్బాయ్. లేచి వడ్డించుకో. మటన్ అయిపోతోంది.”

అంతే! డబ్బు మాట ఆయన ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

ఇంకో శనివారం హోటల్లో జనం పలచగా ఉంటే ఆయనే దగ్గర కూర్చుని వ్యాపార రహస్యం చెప్పారు. “బఫే అంటే సినిమా హాలు లాంటిది నాన్నా. పదిమంది వచ్చినా ఆట వేయాల్సిందే. ఇక్కడా అంతే, ట్రేలన్నీ నింపాల్సిందే. మిగిలింది పారబోయాల్సిందే. నీలాంటి నాలుగు ప్లేట్లవాడి నష్టం, ఒక్క ప్లేటుతో లేచిపోయే పెద్దావిడ పూడుస్తుంది. నడిపించేది మాత్రం వారంలో ఐదురోజులూ వచ్చే ఆఫీసు జనం.”

2011లో నాకు ఉద్యోగం వచ్చింది. జీతంతోపాటు నాలుక్కి షోకులూ వచ్చాయి! మెనూ చూసి ఆర్డరిచ్చే హోటళ్లు మరిగాం. ‘బఫే కూరలు పొద్దుట్నుంచీ ఆవిరిమీదే ఉంటాయిరా’ అని పెదవి విరవడం నేర్చుకున్నాం. ఏడాదికోసారి వెళితే గొప్ప. తర్వాత అదీ లేదు.

2020 మార్చి 16న న్యూజెర్సీలో హోటళ్లలో కూర్చుని తినడం ఆపేశారు. సెప్టెంబరు 4న మళ్లీ అనుమతిచ్చారు గానీ, నాలుగోవంతు మందికే. ఒకే గరిటె అందరూ పట్టుకుని వడ్డించుకోవడమే బఫే. జనం ఆ గరిటెకే భయపడ్డారు. ఆఫీసు జనం ఇళ్లలోనే ఉండిపోయారు. 1978లో కాలిఫోర్నియాలో పుట్టిన సూప్‌లాంటేషన్ అనే సలాడ్ బఫే సంస్థే ఆ మే నెలలో తన 97 హోటళ్లూ మూసేస్తున్నామని ప్రకటించింది. ఇక బాబాయిగారెంత? ఆ చలికాలం నేను వెళ్లేసరికి తలుపుకి కాగితం అంటించి ఉంది. అద్దంలోంచి చూస్తే ట్రేలు ఒకదానిమీద ఒకటి బోర్లించి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. నేనక్కడ భోంచేసి అప్పటికి మూడేళ్లు!

2022 మార్చిలో ‘ఆర్ఆర్ఆర్’ ఆడుతున్న హాల్లో, పాప్‌కార్న్ వరసలో నా ముందు నిలబడ్డ పెద్దాయన ఇటు తిరిగారు. బాబాయిగారే! పూరీల కథ గుర్తుచేసి జేబులో చెయ్యి పెట్టాను. ఆయనకి నేనూ గుర్తులేను, ఆ ప్లేటూ గుర్తులేదు.

“ఎంతమంది కుర్రాళ్లో! ఎవరి పద్దని రాసుకోను?” అని నవ్వి, “ఉద్యోగాలొచ్చాక ఒక్కళ్లూ రాలేదు నాన్నా. అది మాత్రం గుర్తుంది” అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది. పాప్‌కార్న్ డబ్బులు కూడా ఆయన నన్ను ఇవ్వనివ్వలేదు.

మీ ఊళ్లో పాత సినిమాహాలు కల్యాణమండపం అయిపోయిందని మీరూ బాధపడే ఉంటారు. అందులో చివరిసారి టికెట్ ఎప్పుడు కొన్నారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి! మా రోడ్డు మీద ఇంకా ఒకటి రెండు బఫేలు మిగిలి ఉన్నాయి. ఇప్పుడు నెలకో శనివారం వెళుతున్నాను. ఒక్క ప్లేటుతో లేచిపోతున్నాను. ఎక్కడో ఒక నాలుగు ప్లేట్ల కుర్రాడు ఉండే ఉంటాడు కదా!