అడుగు కనబడని నీరు

నీటితో మాకు గల పరిచయం ముప్పయి ఏళ్లకు పైబడినది. మన విద్యుత్ కేంద్రంలో నీటి శుద్ధి విభాగంలో అడుగుపెట్టిన నాటి నుండి కూలింగ్ టవర్ల తొట్లలో పేరుకొనే పాచి, కండెన్సర్ గొట్టాల లోపల పట్టే జిగురు, క్లోరిన్ మోతాదుల లెక్కలు, వీటి నడుమనే మా ఉద్యోగ జీవితం గడిచింది. అటువంటి మమ్మల్ని ఒక ఇంటి పెరటిలోని చిన్న ఈత కొలను మూడు వారాల పాటు ఓడించిందంటే పాఠకులు నవ్వుకోవచ్చు. నవ్వుకొన్నా ఫరవాలేదు. ఆ ఓటమిని దాచుకోకుండా చెప్పుకొంటే మన కుటుంబాలలో ఎవరికైనా ఉపకరిస్తుందన్న ఆశతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

2024 జూలై 8వ తేదీన బెరిల్ తుఫాను అమెరికాలోని టెక్సాస్ తీరాన్ని తాకిన సంగతి పత్రికలు చదివేవారికి గుర్తుండే ఉంటుంది. హ్యూస్టన్ పరిసరాలలో 20 లక్షలకు పైగా వినియోగదారులకు విద్యుత్ సరఫరా నిలిచిపోయింది. మా అమ్మాయి, అల్లుడుగారు, ఐదేళ్ల మనుమరాలు ఉండేది ఆ నగర శివార్లలోనే. వారి వీధికి ఆరో రోజున గాని కరెంటు రాలేదు. ఆరు వారాల సెలవు మీద మేమిద్దరం అక్కడికి చేరేసరికి తుఫాను వెళ్లి పది రోజులయింది. విరిగిన కొమ్మలు వీధి పక్కన ఇంకా గుట్టలుగా పడి ఉన్నాయి.

ఇంటి వెనుక ఈత కొలను ఉన్నది. లోతు ఒక కొసన మూడున్నర అడుగులు, మరో కొసన ఎనిమిది అడుగులు. సుమారు 57,000 లీటర్ల నీరు పడుతుంది. పంపు ఆగిపోయిన ఆరు రోజులలో ఆకులు కుళ్లి, ఎండకు నీరు వేడెక్కి, కొలను నిండా నాచు అలముకొన్నది. మా ఊరి చెరువు భాద్రపదంలో కూడా అంత పచ్చగా ఉండగా మేము చూడలేదు. నిజానికి తుఫానుకు ముందు రెండు నెలల నుండే గోడల మీద పచ్చని మరకలు వస్తున్నాయనీ, ఎన్ని మందులు వేసినా తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తున్నాయనీ అల్లుడుగారు చెప్పారు.

"వారం రోజులు ఓపిక పట్టండి, అడుగున పైసా వేస్తే కనబడేటట్టు చేసి ఇస్తాను" అన్నాము. మామగారి హోదా, ముప్పయి ఏళ్ల అనుభవం, రెండూ కలిసి ఆ మాట అనిపించాయి.

మరునాడు ఉదయం పరీక్ష చేశాము. స్వేచ్ఛా క్లోరిన్ 3 పీపీఎం, పీహెచ్ 7.4. ఈ అంకెలు చూచి ఏ కెమిస్టైనా నీరు సక్రమంగా ఉన్నదనే అంటాడు. అయినా నీరు పచ్చగా ఉన్నది గనుక మోతాదు చాలలేదని నిర్ధారణకు వచ్చాము. కొలనులో తేలియాడే ప్లాస్టిక్ డబ్బాలో రెండు క్లోరిన్ బిళ్లలు వేయడం అల్లుడుగారి అలవాటు. "రెండు చాలవు, నాలుగు వేయండి" అని ఆజ్ఞాపించాము. పైపెచ్చు కాల్షియం హైపోక్లోరైటు పొడి కూడా తెప్పించాము. అల్లుడుగారు ఆ పొడిని బిళ్లల బకెట్టులోని గరిటెతోనే తీయబోగా చటుక్కున చేయి పట్టుకొని ఆపాము. ఆ రెండూ క్లోరిన్ మందులే అయినా ఒకదానితో ఒకటి కలిస్తే మంటలు లేచి పేలే ప్రమాదం ఉన్నది. రెంటికీ వేరు వేరు గరిటెలు, వేరు వేరు చోట్లు ఉండాలి. ఆ మూడు వారాలలో మేము సరిగ్గా చేసిన పని అదొక్కటే.

పొడి వేసిన రెండో రోజుకు పచ్చదనం తగ్గి నీరు పాలవలె అయింది. అందరం సంతోషించాము. నాలుగో రోజు నీడ పడే గోడ పక్కన మళ్లీ పచ్చని పొర కనిపించింది. వారం తిరిగేసరికి కథ మొదటికి వచ్చింది. మందుల దుకాణానికి వెళితే అక్కడివారు నాచును చంపే మరో సీసా అంటగట్టారు. అదీ వేశాము. ఇసుక ఫిల్టరును రోజూ వెనుకకు కడిగాము. మా శ్రీమతి "చిల్లగింజ అరగదీసి కలిపితే?" అని అడిగింది. చిల్లగింజ మట్టి నీటిని తేర్చగలదే గాని జీవమున్న నాచును చంపలేదని పాఠం చెప్పాము. "మీ మందులు మాత్రం చంపుతున్నాయా?" అన్నది ఆవిడ. మా వద్ద సమాధానం లేదు.

మూడో వారంలో ఒక సాయంత్రం జరిగిన సంఘటన మా సరదాను వదలగొట్టింది. మనుమరాలు పెరుగన్నం తింటూ అమ్మమ్మ వెంట పెరట్లో తిరుగుతున్నది. కంచె తలుపు తీసి ఉన్నది. కొలను గట్టు మీద కూర్చొని అన్నం పెడుతుండగా, పాప చేయి తగిలి వెండి గిన్నె నీటిలో పడింది. పాప అన్నప్రాశనకు మేము చేయించి ఇచ్చిన గిన్నె అది. పడిన చోట లోతు నాలుగు అడుగులకు మించదు. అందరం వంగి చూశాము. గిన్నె లేదు. పచ్చని నీరు రెండు క్షణాలు కదిలి, మళ్లీ సర్దుకొన్నది. వలతో గాలిస్తే కుళ్లిన ఆకులు వచ్చాయి గాని గిన్నె రాలేదు. ఆ నీటిలోకి దిగడానికి ఎవరికీ మనసొప్పలేదు.

పాపను చంకన వేసుకొని మా శ్రీమతి లోపలికి వెళ్లిపోయింది. రాత్రి భోజనాల దగ్గర ఎవరితోనూ కాకుండా అన్నది: "తళతళలాడే వెండి గిన్నె, మన కళ్లెదుటనే పడింది. ఎక్కడున్నదో కనబడలేదు. గిన్నె గనుక సరిపోయింది." తరువాత ఎవరికీ ముద్ద దిగలేదు. మా అమ్మాయి లేచి వెళ్లి కంచె తలుపుకు తాళం వేసి వచ్చింది.

అమెరికాలో బహిరంగ ఈత కొలనులకు వర్తించే ఆరోగ్య సూత్రాలలో, లోతైన భాగంలో అడుగున ఉండే జాలీ గట్టు మీది నుండి స్పష్టంగా కనబడాలని ఒక నియమం ఉన్నది. నీటి శుభ్రత కోసం పెట్టిన నియమమని అంతవరకు అనుకొన్నాము. మునిగినవారు కనబడాలన్నది దాని అసలు అర్థమని ఆ రాత్రి తెలిసింది.

నిద్ర పట్టక, గరాజులోనికి వెళ్లి బిళ్లల బకెట్టు మీది అక్షరాలు మొదటి నుండి చివరి దాకా చదివాము. మూడు వారాలుగా వాడుతూ చదవని అక్షరాలవి. ఆ బిళ్ల ట్రైక్లోర్ అనే పదార్థం. నీటిలో కరిగినపుడు క్లోరిన్‌తో పాటు సయన్యూరిక్ ఆమ్లాన్ని కూడా వదులుతుంది. ఈ ఆమ్లం చెడ్డది కాదు. ఎండలో ఉన్న నీటిలోని క్లోరిన్ ఒక గంటలోనే సగానికి పైగా నశించిపోతుంది. సయన్యూరిక్ ఆమ్లం దానిని పట్టి ఉంచి, గొడుగు వలె కాపాడుతుంది. 30 నుండి 50 పీపీఎం వరకు ఉంటే మేలే. కాని అది మితిమీరినపుడు క్లోరిన్‌ను ఎంత గట్టిగా పట్టుకొంటుందంటే, నాచు మీదికి పోవడానికి స్వేచ్ఛ మిగలదు. పరీక్షలో మాత్రం ఆ బంధింపబడిన క్లోరిన్ కూడా స్వేచ్ఛా క్లోరిన్‌గానే లెక్కకు వస్తుంది. 3 పీపీఎం అని మేము చూచి మురిసినది ఖజానాలో తాళం వేసిన సొమ్ము. చేతిలో ఆడే సొమ్ము కాదు.

అక్కడే కాగితం మీద లెక్క వేశాము. బిళ్లల ద్వారా 10 పీపీఎం క్లోరిన్ వేస్తే సుమారు 6 పీపీఎం సయన్యూరిక్ ఆమ్లం చేరుతుంది. రోజుకు 2 పీపీఎం చొప్పున వేసినా నెలకు 36 పీపీఎం. క్లోరిన్ ఖర్చయిపోతుంది, నీరు ఆవిరైపోతుంది, ఈ ఆమ్లం మాత్రం దాదాపు ఎక్కడికీ పోదు. ఇల్లు కొన్న మూడేళ్లుగా ఆ కొలనులో నీరు మార్చలేదు. ఇక్కడికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. నీరు ఆవిరై, లవణం మిగిలి, నానాటికీ చిక్కబడడం అనేది కూలింగ్ టవర్లో పనిచేసే అప్రెంటిస్‌కు కూడా మొదటి రోజున మేము చెప్పే పాఠం. బ్లో డౌన్ ఇచ్చి కొంత పాత నీటిని వదిలివేయడమే దానికి విరుగుడు. ఆ ఆమ్లం మన కేంద్రంలో మేము వాడేది కాదు గనుక పరీక్షించాలనే తోచలేదు. చూడవలసిన దానిని కాక, చూడడం అలవాటయిన దానినే చూశాము.

తెల్లవారగానే అల్లుడుగారి పరీక్షల పెట్టె తీశాము. సన్నని గొట్టం అడుగున నల్లని చుక్క ఉంటుంది. మందు కలిపిన నీరు తెల్లగా మసకబారుతుంది. గొట్టంలో పోస్తూ పోతే ఏ గీత వద్ద చుక్క మాయమవుతుందో అదే కొలత. గొట్టం సగమైనా నిండకముందే చుక్క కనబడలేదు, కొలత 100 దాటిపోయింది. కుళాయి నీరు సమంగా కలిపి మళ్లీ చూస్తే 90 వచ్చింది. అంటే అసలు విలువ 180 పీపీఎం. అంత ఆమ్లమున్న నీటిలో నాచు రాకుండా ఉండాలంటేనే నిత్యం 13 పీపీఎంకు పైగా క్లోరిన్ ఉండాలి.

కాఫీ తాగుతున్న అల్లుడుగారి వద్దకు వెళ్లి, నాలుగు బిళ్లలు వేయించి రోగాన్ని పెంచినది మేమేనని చెప్పాము. పెద్దరికం ఉన్నవాడికి అది సులభమైన మాట కాదు. ఆయన చిరునవ్వు నవ్వి, "మూడేళ్లుగా వేసింది నేనే కదా మామయ్యగారూ, మీరు వేయించింది మూడు వారాలే" అన్నారు. ఆ మాటతో మాకు ఊపిరి తిరిగినట్టయింది.

వెంటనే ఉత్సాహం కొద్దీ "మొత్తం నీరు తోడించేద్దాం" అన్నాము. ఈసారి ఆపింది ఆయన. "తుఫాను వానకు నేల ఇంకా నీరు పీల్చుకొనే ఉంది. ఖాళీ చేస్తే కింది నీటి ఒత్తిడికి కొలను మొత్తం పైకి లేస్తుందట, పక్క వీధివాళ్లు చెప్పారు." నిజమే. భూమిలో పాతిన ఖాళీ తొట్టి, చుట్టూ నీరుంటే పడవతో సమానం. మన కేంద్రంలో భూగర్భ తొట్లను ఖాళీ చేసేముందు మేము సంతకం చేసే కాగితంలో ఉన్న విషయమే అది.

అందుచేత రెండు విడతలుగా చేశాము. సగం నీరు మురుగునీటి గొట్టంలోకి వదిలి, కుళాయి నీటితో నింపాము. నింపడానికి పదిహేను గంటలు పట్టింది. మూడు రోజుల తరువాత మళ్లీ సగం. 180 కాస్తా 90, అది కాస్తా 45 అయింది. పోతున్న నీటిని చూచి, చిన్ననాడు మైలు దూరం నుండి బిందెలు మోసిన మా శ్రీమతి గడప దాటి బయటికి రాలేదు. మొదటి విడతలో నీటిమట్టం దిగినపుడు లోతైన కొసన ఆకుల కింద వెండి గిన్నె దొరికింది. పడిన చోటి నుండి వాలు వెంట దొర్లిపోయి, నల్లబడి ఉన్నది.

ఆపై బిళ్లలు పక్కన పెట్టి, సోడియం హైపోక్లోరైటు ద్రావణం సూర్యాస్తమయం తరువాత పోయడం మొదలుపెట్టాము. సయన్యూరిక్ ఆమ్లంలో సుమారు 40 శాతం, అంటే 18 పీపీఎం వద్ద క్లోరిన్ నిలిపాము. పంపు రాత్రింబవళ్లు నడిచింది. గోడలు, మెట్లు, నిచ్చెన వెనుక సందులు రోజూ బ్రష్షుతో రుద్దాము. రుద్దనిదే పొర చాటున ఉన్న నాచుకు మందు తగలదు. రాత్రి కొలిచిన క్లోరిన్‌కు తెల్లవారి కొలిచిన దానికి తేడా 1 పీపీఎం కూడా లేకుంటే నాచు చచ్చినట్టు లెక్క. ఆరో ఉదయం ఆ ఫలితం వచ్చింది. ఎనిమిది అడుగుల లోతున జాలీ రంధ్రాలు లెక్కపెట్టేటట్టు కనబడ్డాయి. క్లోరిన్ మామూలు మట్టానికి దిగిన తరువాతనే పాపను, తండ్రి చేతుల మీదుగా, నీటిలోకి దింపారు. మా శ్రీమతి గట్టు మీద కూర్చొని విభూతితో గిన్నె తోముతూ, పాప మీది నుండి చూపు తిప్పలేదు.

మన టౌన్‌షిప్ ఇళ్లలో ఈత కొలనులు లేవు. కాని మిద్దె మీద నీటి ట్యాంకు లేని ఇల్లు లేదు. నాచుకు వెలుతురు కావాలి. మూత సరిగా బిగిస్తే సగం వ్యాధి పోతుంది. తోమి, పాత నీరు వదిలి, ఆ తరువాతనే మందు సంగతి ఆలోచించాలి. ట్యాంకు, సంపు మూతలు పసిపిల్లల చేతికి ఊడిరాకుండా ఉన్నాయో లేదో కూడా చూచుకోవాలి.

తిరిగి వచ్చి విధులలో చేరిన మొదటి రోజున ఒక యువ ఇంజనీరు పరీక్షా ఫలితాల కాగితం తెచ్చి, అంకెలన్నీ సరిగానే ఉన్నాయి సార్ అన్నాడు. "సంతోషం. ఇందులో లేని అంకె ఏమిటో చూద్దాం పద" అని అతనిని వెంటబెట్టుకొని కూలింగ్ టవర్ తొట్టి వద్దకు నడిచాము. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లున్నది. మేము నేర్చుకోవలసినది కొంత మిగిలే ఉన్నది.