సీటు బెల్టు మీద వండ్రు

అప్పట్లో కూచిపూడిలో కారు కొంటున్నానంటే ఎవరైనా అడిగేది రెండే ప్రశ్నలు: ఎంతమంది పడతారు, లీటరుకి ఎంతిస్తుంది. నాకు మాత్రం వీటెక్ కావాలి. 2000లో హోండా సిటీలో పెట్టిన ఆ 1.5 ఇంజనుకి 106 గుర్రాల బలం. 2003 చివర్లో కొత్త సిటీ దించినప్పుడు పొదుపు కోసం దాన్ని 77కి తగ్గించారు. కొత్తది కొనే తాహతు నాకెటూ లేదు. ఈ లెక్క అప్పజెబితే పాతబండి కొనడం కూడా పెద్ద ఘనకార్యంలా వినబడేది.

2009 వేసవి అనుకుంటా. బెజవాడ ఆటోనగర్‌లో ఒకటి చూశాం. మేస్త్రి చల్లటి ఇంజను స్టార్ట్ చేసి సైలెన్సర్ వెనక నిలబడ్డాడు. నీలం పొగ లేదు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారంటే బ్రోకరు మాట దాటేశాడు. నేను పట్టించుకోలేదు, మనసులో అప్పటికే బందరు రోడ్డెక్కేశాను.

నాన్నకి డ్రైవింగ్ రాదు. సీట్లో కూర్చుని ఊరికే బెల్టు లాగుతున్నాడు. చివరంటా లాగి, గోటితో గీకి, వాసన చూశాడు. "ఒరే, ఇది వండ్రురా." ఎప్పుడూ లోపల చుట్టుకునే ఉండే ఆఖరి జానెడు పట్టీ మీద బూడిదరంగు చార. బండి ఎంత కడిగినా అక్కడికి చెయ్యి వెళ్లదు. మేస్త్రి కార్పెట్ ఎత్తితే సీటు బోల్టులన్నీ తుప్పు. "2005లో బుడమేరు నీళ్లు తాగిందేమో, బాబాయ్ గారూ," అన్నాడు. బ్రోకరు ఏమన్నాడో గుర్తులేదు. చేతిలో సగం తాగిన సోడా మాత్రం గుర్తుంది.

నాన్నకి ఆ వాసన ఎక్కడిదో ఆయనే చెప్పాడో, తర్వాత అమ్మ చెప్పిందో. 1977 నవంబరు ఉప్పెన తర్వాత మా ఊరి నుంచి దివిసీమకి బియ్యం, పాతబట్టలు మోసుకెళ్లిన కుర్రాళ్లలో ఆయనొకడు. అవనిగడ్డ దాటాక ఒకింట్లో ట్రంకుపెట్టె తెరిచి పెళ్లిచీర దులుపుతుంటే వచ్చిన వాసనట. అంతకుమించి ఆ రోజుల గురించి మాట్లాడలేదు. నేనూ అడగలేదు. మరో వీటెక్ ఎక్కడ దొరుకుతుందా అన్నదే నా ధ్యాస.

దొరికింది హైదరాబాదులో. ఆ ఏడాది జనవరిలోనే సత్యం కంప్యూటర్స్ కుప్పకూలింది. అమ్మినాయన వేరే కంపెనీలో మనిషే అయినా భయం అందరిదీ ఒకటే. లక్షా డెబ్బయ్యో ఎనభయ్యో ఇచ్చాం. 29, 30 ఫారాల మీద సంతకాలు పెడుతూ, "రేడియో స్టేషన్లు సెట్ చేసి ఉన్నాయి, మార్చకండి," అన్నాడు. మా ఊళ్లో అందులో ఒక్కటీ పట్టదు.

వీటెక్ కిటుకు ఇదీ: మామూలు వేగంలో చిన్న క్యాము వాల్వుల్ని కొద్దిగానే తెరుస్తుంది. ఇంజను బాగా తిరిగాక ఆయిల్ ఒత్తిడికి పిన్ను జరిగి పెద్ద క్యాము అందుకుంటుంది. వాల్వులు ఇంకా ఎక్కువగా, ఎక్కువసేపు తెరుచుకుంటాయి. మా ఊరి నాట్య కళాపీఠంలో జతి ఒక్కసారిగా మూడో కాలంలోకి దూకినట్టుంటుంది ఆ చప్పుడు. అది వినాలంటే ఖాళీ రోడ్డు కావాలి. పామర్రు రోడ్డు మీద కోతల కాలంలో సగం ధాన్యమే, అంచున రాళ్లు పెట్టి మరీ. మిగతా సగంలో ఎదురుగా గడ్డి ట్రాక్టరు.

డిసెంబరులో సమైక్యాంధ్ర బంద్ నాడు తెల్లవారుజామునే పామర్రు దాటి బందరు రోడ్డెక్కాను. బస్సు లేదు, లారీ లేదు. మూడో గేరులో కసిగా తొక్కాను. గొంతు మారింది. నిడుమోలు దగ్గర టైర్లు తగలబెడుతున్న కుర్రాళ్లు చేతులూపి ఆపారు. తిట్లు తప్పవనుకున్నాను. ఒకడు కిటికీలోకి వంగి, "అన్నా, న్యూట్రల్లో పెట్టి ఇంకోసారి తొక్కు, మావాళ్లు వినలేదు," అన్నాడు. తొక్కాను.

చాలా ఏళ్లకి గుడివాడ కుర్రాడొకడు కొనుక్కుపోయాడు. ఆర్‌సీ తన పేరుకి మార్చుకోలేదు. రోడ్డు వెడల్పయ్యాక నా పేరిట ఓవర్‌స్పీడ్ చలానా వచ్చింది. ఫోన్ చేసి దులిపేద్దామని నంబరు వెతుకుతూ, అందులో వేసిన వేగం చూశాను. నేనెన్నడూ అందుకోని అంకె. చలానా నేనే కట్టేశాను.